మూడో కుండీ నేర్పిన పాఠం

స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



అమెరికా అనుభవాల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. అక్కడి రోడ్ల గురించి, జీతాల గురించి మీకు నాకంటే ఎక్కువే తెలుసు. అందుకని ఒక చెట్టు గురించి, ఒక పురుగు గురించి, ఆ పురుగుకు వాడే నాలుగు మందుల గురించి చెబుతాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. ఆ తప్పు చేయకుండా ఉండాల్సిన పాఠం నేను ఈ బడిలోనే చదువుకున్నాను. ఆ పాఠం చెప్పిన సైన్స్ సార్ ఇప్పుడు ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. కాబట్టి ఇది సగం ప్రసంగం, సగం సంజాయిషీ.

ఎనిమిదో తరగతిలో సార్ మా చేత మూడు కుండీల్లో చిక్కుడు మొక్కలు పెట్టించారు. వాటికి పేనుబంక పట్టింది. మొదటి కుండీకి వేప గింజల కషాయం కొట్టాం. రెండోదానికి సబ్బు నీళ్లు. మూడోదానికి ఏమీ వద్దన్నారు సార్. మాకు ఆ మూడో మొక్క మీద జాలి. పది రోజులకు మొదటి రెండు కుండీలు శుభ్రమయ్యాయి. మేం చప్పట్లు కొట్టాం. సార్ మాత్రం మూడో కుండీ చూడమన్నారు. దాని మీద కూడా పేనుబంక చాలావరకు పోయింది! అక్షింతల పురుగులు వచ్చి తినేశాయి. "మూడో కుండీ లేకపోతే అంతా మన మందు గొప్పే అనుకునేవాళ్లం కదరా" అన్నారు సార్. ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాను. బుర్రలో రాసుకోలేదని పాతికేళ్ల తర్వాత తెలిసింది.

1998లో నేను డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల విడిభాగాల కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరుగా చేరాను. నేను అద్దెకున్న వీధికి రెండు వైపులా యాష్ చెట్లు. యాష్ అంటే బూడిద కాదండీ, అది చెట్టు పేరే. మన మల్లె తీగ, ఈ చెట్టు ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. కలప గట్టిది, సాగే గుణమున్నది. బేస్‌బాల్ బ్యాట్లు, పనిముట్ల పిడులు దానితో చేసేవారు. వేసవిలో రెండు వైపుల కొమ్మలు పైన కలిసి వీధంతా పందిరి వేసినట్టు ఉండేది.

2002లో డెట్రాయిట్ ప్రాంతంలో చనిపోతున్న యాష్ చెట్లలో ఒక కొత్త పురుగును గుర్తించారు. పేరు ఎమరాల్డ్ యాష్ బోరర్. సొంత ఊరు ఈశాన్య చైనా, కొరియా, రష్యా తూర్పు ప్రాంతాలు. సరుకుల ప్యాకింగ్ చెక్కల్లో దాగి 1990లలోనే వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. అంటే నేను ఆ పందిరి కింద నడిచిన మొదటి రోజుకే అది అక్కడ ఉందన్నమాట.

చిన్నప్పుడు మనం అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకున్న జీరంగి పురుగు గుర్తుందా? ఎండలో పెడితే పచ్చగా, బంగారంలా మెరిసేది. ఇదీ ఆ కుటుంబానిదే. కాకపోతే సన్నగా, అర అంగుళం పొడవు ఉంటుంది. పెద్ద పురుగు ఆకులు కొంచెం కొరుకుతుంది, దానితో పెద్ద నష్టం లేదు. నష్టమంతా లార్వాతోనే. బెరడు పగుళ్లలో పెట్టిన గుడ్డు నుంచి వచ్చిన లార్వా బెరడు కిందికి దూరి, మెలికలు మెలికలుగా తొలుచుకుంటూ పోతుంది. దారువు నీళ్లను పైకి, పోషక కణజాలం ఆహారాన్ని కిందికి తీసుకువెళతాయని బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు కదా సార్, అది తినేది ఆ పోషక కణజాలాన్నే, ఆ పక్కనున్న దారువు పైపొరనే. వందల లార్వాలు చేరితే చెట్టు నడుముకు చుట్టూ కోత పెట్టినట్టే. మరుసటి ఏడాది మే, జూన్ నెలల్లో పెద్ద పురుగై బెరడుకు ఇంగ్లీషు డి అక్షరం ఆకారంలో చిన్న రంధ్రం చేసుకుని బయటపడుతుంది. ముందు చెట్టు తల పలచబడుతుంది. తర్వాత మొదట్లో పిచ్చి చిగుళ్లు వేస్తుంది. లక్షణాలు కనబడ్డాక మందు వేయని చెట్టు మూడు నాలుగేళ్లకు మించి బతకడం అరుదు.

నేను ఆ ఊరు వదిలేనాటికి మా వీధిలో పందిరి లేదు, మొద్దులున్నాయి. ఆ వీధుల్లో అంతకుముందు ఎల్మ్ చెట్లు ఉండేవని, ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఒక శిలీంధ్ర తెగులుకు అవి పోతే వాటి స్థానంలో ఎక్కువగా యాష్ చెట్లు నాటారని అప్పుడే తెలిసింది. ఒకే రకం చెట్లు పోయాయని మళ్లీ ఒకే రకం నాటారు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

2005లో ఒహాయోలో కొలంబస్ దగ్గరికి మారాం. కొన్న ఇంటి పెరట్లో రెండు యాష్ చెట్లు, లేతవి. ఛాతీ ఎత్తులో అడ్డుకొలత తొమ్మిదేసి అంగుళాలు. ఇంటి వెనక చిన్న అడవి, అందులో కూడా యాష్ చెట్లే ఎక్కువ. పక్కింట్లో రిటైరైన బస్సు డ్రైవరు ఒక పెద్దాయన. ఆయన ఇంటి ముందు ఇరవై ఆరు అంగుళాల యాష్ చెట్టు. మధ్యాహ్నం ఎండ ఆయన ఇంటి మీద పడకుండా అదే కాచేది. పురుగు అప్పటికే ఒహాయోకు వచ్చింది. డెట్రాయిట్‌లో చూసిన భయంతో నేను తోట సామాన్ల దుకాణంలో దొరికే డబ్బా తెచ్చి నా చెట్లకు ఏటా పోశాను. అందులో మందు ఇమిడాక్లోప్రిడ్. మన పత్తి రైతులకు బాగా తెలిసిన మందే. రసం పీల్చే పురుగులకు మా బాపు కూడా కొట్టినవాడే. దాన్ని నీళ్లలో కలిపి చెట్టు మొదట్లో పోయాలి. వేర్లు పీల్చుకుని పైకి పంపుతాయి.

మూడేళ్లు నా చెట్లు పచ్చగా ఉన్నాయి. 2009 వసంతంలో పెద్దాయన వచ్చి అడిగాడు. ఒక చెట్ల కంపెనీ వాళ్లు వచ్చి కాండానికి ఇంజెక్షన్ చేయించమని, ఖర్చు ఇంత అని చెప్పారట. ఏం చేయమంటావన్నాడు. నేను నా పచ్చటి చెట్లను చూపించాను. "అంత డబ్బు దండగ. ఈ డబ్బా చాలు, నా చెట్లే సాక్ష్యం" అన్నాను. దగ్గరుండి ఆయన చెట్టుకు నా చేతులతోనే మందు పోశాను.

2011 వేసవికి ఆయన చెట్టు తల సగానికి పైగా ఎండిపోయింది. 2012 మార్చిలో కొట్టించాడు. పడిన మొద్దు మీద బెరడు ఊడదీసి చూశాను. వేలు పెట్టే చోటు లేకుండా మెలికలే. నేను ఏదో సర్దిచెప్పబోతే ఆయన ఒక్కమాట అన్నాడు: "నువ్వు ఇంజనీరువు కదా, అందుకే నిన్ను అడిగాను."

కోపంగా అనలేదు. అందుకే ఇంకా వినబడుతుంది.

అప్పుడు కూర్చుని చదివాను. ముందే చదవాల్సింది. ఒహాయో స్టేట్, మిషిగన్ స్టేట్ వంటి విశ్వవిద్యాలయాల కీటక శాస్త్రవేత్తలు కలిసి ఈ మందులను పోల్చి, మామూలు ఇంటివాళ్లకు అర్థమయ్యేలా ఒక కరదీపిక రాశారు. మొదటిసారి 2009లోనే వచ్చింది. వాళ్ల ప్రయోగాల్లో మందు వేసిన చెట్ల పక్కనే మందు వేయని చెట్లు ఉంటాయి. కొన్ని ప్రయోగాల్లో ఆకులు చూసి ఊరుకోలేదు. చెట్లు నరికి, బెరడు ఒలిచి, ఎన్ని లార్వాలున్నాయో లెక్కపెట్టారు. సార్, మీ మూడో కుండీ అక్కడ కనబడింది నాకు.

వాళ్లు పోల్చిన వాటిలో ముఖ్యమైనవి నాలుగు. సంక్షిప్తంగా చెబుతాను.

మొదటిది నేను వాడిన ఇమిడాక్లోప్రిడ్. చవక, సొంతంగా పోసుకోవచ్చు, చెట్టుకు గాయం లేదు. కానీ ఏటా పోయాలి. మందు చెట్టంతా ఎక్కడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, పెద్ద చెట్టుకు ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి వసంతంలో తొందరగా పోయాలి. చెత్తాచెదారం, ఆకుల ఎరువు మీద పోస్తే అవే పట్టేసుకుంటాయి. వాటిని పక్కకు లాగి, కాండానికి ఆనుకున్న మట్టి మీదే పోయాలి. మట్టి తడిగా ఉండాలి కానీ నీళ్లు నిలిచి ఉండకూడదు. చెట్టు కింద పూల మొక్కలుంటే అవీ పీల్చుకుంటాయి, తేనెటీగలకు ముప్పు. అసలు సంగతి ఏమిటంటే, పెద్ద చెట్లకు అంగుళానికి వేయాల్సిన మోతాదే పెంచాలి. ఆ ఎక్కువ మోతాదుకు అనుమతి కొన్ని వృత్తిదారుల మందులకే ఉంది, దుకాణం డబ్బాకు లేదు.

రెండోది డైనోటెఫ్యూరాన్. మన దగ్గర వరిలో సుడిదోమకు వాడతారు. నీళ్లలో బాగా కరుగుతుంది కాబట్టి రెండు మూడు వారాల్లోనే చెట్టుకు ఎక్కుతుంది. కాండం మొదటి ఐదారు అడుగుల బెరడు మీద కొట్టినా లోపలికి ఇంకుతుంది. ఆలస్యమైనవాళ్లకు ఇది మేలు. ఇదీ ఏటా వేయాల్సిందే.

మూడోది ఇమామెక్టిన్ బెంజోయేట్. మన మిరపలో, కందిలో కాయతొలుచు పురుగుకు కొట్టేది. అక్కడ దాన్ని కాండం మొదట్లో చిన్న రంధ్రాలు చేసి, ఒత్తిడితో లోపలికి ఎక్కిస్తారు. లైసెన్సున్న మనిషి చేయాలి. రంధ్రాలు గాయాలే, అయినా ఆరోగ్యంగా ఉన్న చెట్టు వాటిని మూసుకుంటుంది. ఒకసారి చేస్తే రెండేళ్లు, పురుగు ఉధృతి తగ్గిన చోట మూడేళ్లు కాస్తుంది. మిషిగన్ ప్రయోగంలో మందు వేయని చెట్లతో పోలిస్తే లార్వాలు 99 శాతానికి పైగా తగ్గాయి. నాలుగింటిలో ఇదే బలమైనదని పదేపదే తేలింది.

నాలుగోది వింటే మీకు సంతోషం కలుగుతుంది. అజాడిరాక్టిన్. అంటే మన వేప గింజల సారం! కెనడాలో దీన్ని యాష్ కాండాలకు ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. లేత లార్వాలను ఎదగనివ్వదు. పురుగు ఎక్కువగా ఉన్న చోట ఏటా ఇవ్వాలి, తక్కువగా ఉంటే రెండేళ్లకోసారి చాలు. మనం మొదటి కుండీకి కొట్టిన కషాయమే సముద్రాలు దాటి మంచు దేశపు చెట్టులోకి ఎక్కింది. మన వేప కదా అని దాన్నే గొప్ప అననా? అనను. బలంలో ఇమామెక్టిన్ తర్వాతే.

ఇక నా తప్పుకు వస్తాను. ఒకటి, నా లేత చెట్టును చూపించి ఆయన పెద్ద చెట్టుకు సలహా చెప్పాను. తొమ్మిది అంగుళాలకు ఇరవై ఆరు దాదాపు మూడింతలు. కానీ కాండం అడ్డకోత వైశాల్యం ఎనిమిది రెట్లకు పైగా ఉంటుంది. మందు మాత్రం అంగుళాల లెక్కన మూడింతలే పోశాను. పదో తరగతి లెక్క ఇది. కంపెనీలో ఇదే తప్పు కింద ఉద్యోగి చేస్తే కాగితం వెనక్కి పంపేవాణ్ని.

రెండు, ఆయన చెట్టుకు తల ఎత్తి చూడలేదు. 2009 నాటి ఒక ఫోటో తర్వాత దొరికింది. అప్పటికే పైన కొమ్మలు పలచబడ్డాయి. తల మూడో వంతు కంటే తక్కువ దెబ్బతిన్నప్పుడే వైద్యం ఫలిస్తుంది, సగం పోతే ఏ మందూ ఆదుకోలేదు. కారణం చాలా సులువు. మందు చెట్టు సొంత నాళాల ద్వారానే పైకి వెళ్లాలి. పురుగు తెంపేది ఆ దారినే. ఆలస్యం చేసినకొద్దీ రోగం పెరగడమే కాదు, మందు వెళ్లే బాట కూడా మూసుకుపోతుంది.

మూడు, ఇది అన్నిటికంటే పెద్దది. నా రెండు చెట్లూ మందు వేసినవే. మూడో కుండీ నాకు లేదు. అవి మందు వల్ల పచ్చగా ఉన్నాయా, పురుగు ఇంకా వాటిని పట్టక పచ్చగా ఉన్నాయా? ఆ మూడేళ్లలో నాకు తెలియదు, తెలియదని కూడా తెలియదు. అయినా సాక్ష్యం అన్నాను.

మూడో కుండీ తర్వాత దొరికింది. మా ఇంటి వెనక అడవే అది. దానికి ఎవరూ మందు వేయలేదు. 2014 నాటికి అందులో పెద్ద యాష్ చెట్టు ఒక్కటి కూడా బతికి లేదు. 2012 నుంచి నేను రెండేళ్లకోసారి ఇమామెక్టిన్ ఇంజెక్షన్ చేయించిన రెండు చెట్లూ ఈ రోజుకీ ఉన్నాయి. ఒక్కో చెట్టుకు ప్రతిసారీ వంద డాలర్ల పైన అవుతుంది. పెద్దాయన చెట్టు కొట్టించడానికి అయింది 1,400. నేను దండగ అన్న డబ్బు ఎంత చిన్నదో చెప్పడానికే ఈ లెక్క. ఆ అడవిని చూస్తే నా చెట్లు బతికాయని గర్వం కలగదు. పోల్చి చూడటానికి ఇంత ఖరీదా అనిపిస్తుంది.

అయితే ఊళ్లోని ప్రతి యాష్‌కూ మందు వేయలేం. అడవులకు అసలే వేయలేం. అందుకే 2007 నుంచి ఆ పురుగు సొంత ప్రాంతాల నుంచి తెచ్చిన చిన్న కందిరీగల్ని వదులుతున్నారు. కొన్ని లార్వాను, కొన్ని గుడ్డును చంపుతాయి. పురుగు వ్యాపించకుండా పెట్టిన కేంద్ర ప్రభుత్వపు కట్టడిని 2021లో ఎత్తేశారు. వైద్యం అంటే చివరికి ఏ చెట్టును కాపాడాలో ఎంచుకోవడమే అని అర్థమైంది.

ఇప్పుడు మన బడికి వద్దాం. 2021లో తెలంగాణ అంతటా వేప చెట్లు కొసల నుంచి మాడిపోయాయి. మన ఆవరణలోని వేపలు కూడా. మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఒక తమ్ముడు రాశాడు, "అన్నా, అమెరికాలో చెట్లకు ఇంజెక్షన్లు చేస్తారు కదా, మన చెట్లకు కూడా చేయిద్దాం, చందాలు వేసుకుందాం" అని. నాకు కూడా నోరు ఊరింది. సరే అని రాయబోయి ఆగాను. పెద్దాయన మాట గుర్తొచ్చింది. సార్‌కు ఫోన్ చేశాను. సార్ అడిగింది ఒక్కటే: "కాండానికి రంధ్రాలున్నాయా? కొమ్మ విరిచి లోపల చూశారా?"

చూడలేదు. చూస్తే రంధ్రాలు లేవు, తొలిచిన గుర్తు లేదు. వేపకు వచ్చింది కొమ్మల కొసలను ఎండబెట్టే శిలీంధ్రం, దానికి తోడు రసం పీల్చే దోమ. పైకి చూస్తే రెండూ ఎండటమే. ఒకటి కాండాన్ని తొలిచే పురుగు, ఇంకొకటి కొసల తెగులు. దీని మందు దానికి పనికిరాదు. డ్రిల్లు పెట్టి ఉంటే బతికే చెట్టుకు అనవసరంగా గాయం చేసేవాళ్లం. మరుసటి ఎండాకాలానికి మన చెట్లు మళ్లీ చిగురించాయి. మీరందరూ ఇప్పుడు కూర్చున్నది వాటి నీడలోనే. ఇంజెక్షన్ చేయించి ఉంటే ఏమనుకునేవాళ్లం? మన చందాలే బతికించాయని శిలాఫలకం వేయించేవాళ్లం!

చివరిగా రెండు విన్నపాలు. స్వర్ణోత్సవాలకు గుర్తుగా యాభై మొక్కలు నాటాలని సంఘం తీర్మానించింది. సంతోషం. దయచేసి యాభై ఒకే రకం వద్దు. వేప, కానుగ, రావి, నేరేడు, చింత, ఏవైనా సరే, కలిపి నాటండి. ఎల్మ్ పోయి యాష్, యాష్ పోయి మొద్దులు మిగిలిన వీధిలో నేను నడిచాను.

రెండోది పిల్లలకు. ప్రతి చెట్టుకు ఒక నంబరు వేసి, ఏడాదికోసారి చుట్టుకొలత కొలిచి, తల ఎలా ఉందో ఒక పుస్తకంలో రాయండి. ఎప్పుడైనా మందు వేయాల్సి వస్తే ఏ చెట్టుకు వేశారో, దేనికి వేయలేదో అది కూడా రాయండి. పుస్తకాలు, టేపులు నేను తెచ్చాను, హెడ్‌మాస్టర్ గారికి ఇచ్చాను. రేపు మీకు ఎవరైనా, నాలాంటి ఇంజనీరే అయినా సరే, ఇది బ్రహ్మాండంగా పనిచేసిందని చెబితే, మర్యాదగానే అడగండి: "దేనితో పోల్చి చూశారండీ?"

పెద్దాయన పోయి నాలుగేళ్లయింది. ఆయన చెట్టు ఉన్న చోట ఇద్దరం కలిసి ఒక ఓక్ మొక్క నాటాం. ఇప్పుడది ఇంటి కప్పు అంత ఎత్తుంది. దాని నీడ ఇంకా ఆ కిటికీ దాకా రాలేదు.

సార్, ఎనిమిదో తరగతి రికార్డు పుస్తకంలో మీరు నాకు పదికి తొమ్మిది వేశారు. అందులో నాలుగు తగ్గించుకోండి. సెలవు. నమస్కారం.